నల్లమలలో తక్కువ ఖర్చుతో నడిచే దారులు ఏవి? (కారు లేదు, నలుగురం, మూడు రోజులు)

నాగోలు_శ్రీను
అందరికీ నమస్కారం. డిసెంబర్ రెండో శనివారంతో కలిపి నాకు మూడు రోజులు సెలవు దొరికింది. నేను, మా ఆవిడ, పదేళ్ల బాబు, మా నాన్న (64 ఏళ్లు) కలిసి నల్లమల పోదామనుకుంటున్నాం. రిసార్టులు, ప్యాకేజీలు మాకు వద్దు. అడవిలో కాసేపు నడవాలి, ఒక జలపాతం చూడాలి, రాత్రికి శుభ్రమైన గది ఉంటే చాలు. అన్నీ కలిపి ఆరు, ఏడు వేలు దాటకూడదు. నాన్నది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె, బాగానే నడుస్తారు కానీ మోకాళ్లు కొంచెం నొప్పి. కారు లేదు, బస్సే దిక్కు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బైక్_కార్తీక్
సలేశ్వరం పోండి అన్నా. దాని ముందు మిగతావన్నీ దిగదుడుపే. లోయలోకి దిగుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఖర్చు సున్నా.

అచ్చంపేట_మాస్టారు
కార్తీక్ బాబూ, సలేశ్వరం డిసెంబర్‌లో పోయే చోటు కాదు. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్దిరోజులు జాతర జరిగినప్పుడే ఆ దారి తెరుస్తారు. మిగతా ఏడాదంతా అది పులులు తిరిగే అడవి, అడుగు పెట్టడం నేరం. తెలియక పోయినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ముందే చెబుతున్నా.

శ్రీను గారూ, అడవిశాఖ బోర్డు చూసి మనం పార్కు అనుకుంటాం గానీ ఇది మనకోసం కట్టిన పార్కు కాదు. కృష్ణకు ఇవతల అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. అవతల నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, దేశంలోనే పెద్దది. రాష్ట్రం విడిపోకముందు రెండూ ఒకటే, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. ఇంత పెద్ద అడవిలో మనం స్వేచ్ఛగా నడిచే దారులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ దారులన్నిటికీ చివర ఒక దేవుడు ఉంటాడు. లింగమయ్యో, మల్లన్నో, నరసింహుడో. మన తాతలు భక్తితో నడిచారు కాబట్టే ఆ దారులు ఈ రోజుకీ మనకు తెరిచి ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఈ అడవి అంచున ఉంటున్నాను, నాకు అర్థమైంది ఇదే: నల్లమలలో తక్కువ ఖర్చుతో తిరగాలంటే యాత్రికుడు నడిచిన దారే పట్టాలి. పర్మిషన్ల టెన్షన్ ఉండదు, జీపు అద్దె ఉండదు, దారిలో మనుషులుంటారు.

మీకు మొదటి చోటు ఉమామహేశ్వరం. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద హాజీపూర్ దాటాక రంగాపూర్ వస్తుంది. కింద భోగమహేశ్వరం, పైన ఉమామహేశ్వరం. ఘాట్ రోడ్డు ఉంది, ఆటోలు పోతాయి. మీ నాన్నగారిని ఆటోలో పంపి, మీరూ బాబూ మెట్లదారిన ఎక్కండి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దీన్ని. పైకి చేరాక గుడికి పోయే బాట ఉంది చూశారూ, నాకు అదే ప్రాణం. ఎడమ పక్క లోయ, కుడి పక్క నిలువు కొండ. ఆ కొండ గొడుగులా ముందుకు వంగి ఉంటుంది. గుడికి వేరే కప్పు అక్కర్లేదు, కొండే కప్పు. ఎండాకాలంలో కూడా బండ సందుల్లోంచి చుక్క చుక్కగా నీళ్లు రాలుతుంటాయి. ఆ చివర పాపనాశనం అని చిన్న ఊట. ఎంత ఎండలో పోయినా ఆ నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి.

సంక్రాంతికి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, అప్పుడు జనం ఎక్కువ. డిసెంబర్‌లో పొద్దున్నే పోతే మీరూ కోతులే.

నాగోలు_శ్రీను
మాస్టారూ, చాలా థాంక్స్. ఉమామహేశ్వరం పేరు వినగానే నాన్న "చిన్నప్పుడు మా అమ్మ సలేశ్వరం తీసుకుపోయింది, అప్పుడు ఉమామహేశ్వరంలో ఆగినం" అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు. ఇక అది ఖాయం. అచ్చంపేటలో గది దొరుకుతుందా?

అచ్చంపేట_మాస్టారు
దొరుకుతాయి. బస్టాండ్ చుట్టుపక్కల మామూలు లాడ్జీలున్నాయి. ముందు గది చూసి, గీజర్ పనిచేస్తుందో లేదో చూసి డబ్బులివ్వండి. డిసెంబర్‌లో ఇక్కడ చలి హైదరాబాద్ కంటే ఎక్కువ.

పల్లెవెలుగు_రమ్య
బస్సుల సంగతి నేను చెప్తాను, ప్రతి నెలా ఆ రూట్‌లో తిరుగుతాను కాబట్టి.

హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి శ్రీశైలం బస్సులు బాగా ఉంటాయి. మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు, శ్రీశైలం 215 దాకా. శ్రీను గారి ఆవిడకు తెలంగాణ ఆధార్ ఉంటే ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో జీరో టికెట్. కానీ ఇది తెలంగాణ హద్దు వరకే. సూపర్ లగ్జరీ ఎక్కితే పూర్తి టికెట్ తీసుకోవాలి. చాలామంది హడావిడిగా వచ్చిన బస్సు ఎక్కేసి కండక్టర్‌తో గొడవ పడుతుంటారు. బోర్డు మీద ఎక్స్‌ప్రెస్ అని ఉందో లేదో చూసుకొని ఎక్కండి. అచ్చంపేట వరకు ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువ, అక్కణ్నుంచి మన్ననూరు వైపు లోకల్ బస్సులు.

ఇంకో ముఖ్యమైన మాట. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు అడవి రోడ్డు మూసేస్తారు. మన్ననూరు దగ్గర చెక్‌పోస్ట్ గేటు పడిపోతుంది. ఏడున్నరకల్లా ఎటువైపు ఉండాలో అటువైపు ఉండేలా చూసుకోండి. పిల్లాడితో రోడ్డు మీద రాత్రంతా కూర్చోవడం నేను కళ్లారా చూశాను, చాలా బాధేసింది.

ఆంధ్ర వైపు ఉచిత బస్సుల స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15 నుంచి మొదలైంది కానీ అది అక్కడి మహిళలకే.

కూకట్‌పల్లి_అనూష
రమ్య గారూ, మన్ననూరు నుంచి మల్లెలతీర్థం జలపాతానికి బస్సు ఉందా?

పల్లెవెలుగు_రమ్య
నేరుగా లేదండి. శ్రీశైలం బస్సులో వటవర్లపల్లిలో దిగాలి. అక్కడ నుంచి లోపలికి ఎనిమిది కిలోమీటర్ల పైన. ఆటో మాట్లాడుకోవాలి, పోను, రాను, అక్కడ రెండు గంటలు ఆగేలా. ముందే మొత్తం రేటు మాట్లాడండి. "చూసి ఇవ్వండి" అంటే ఒప్పుకోకండి. ఇంకో కుటుంబంతో కలిసి పోతే సగం అవుతుంది. ఎక్కే బస్సు వటవర్లపల్లిలో ఆగుతుందో లేదో కండక్టర్‌ను అడిగి ఎక్కండి.

అచ్చంపేట_మాస్టారు
మల్లెలతీర్థం గురించి ఒక మాట. దాదాపు 350 మెట్లు దిగాలి. దిగేటప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. నాన్నగారి మోకాళ్లకు దిగడమే ఎక్కువ కష్టం, అడ్డంగా తిరిగి ఒక్కో మెట్టూ దిగమనండి. కర్ర తప్పనిసరి. వానలు తగ్గాక అక్టోబర్ నుంచి జనవరి వరకు నీళ్లు బాగుంటాయి. మార్చి వచ్చేసరికి సన్నని ధార మిగులుతుంది. కింద బండలు నాచు పట్టి ఉంటాయి, బాబు చెయ్యి వదలకండి.

ప్లాస్టిక్ సీసాలు, కవర్లు అమ్రాబాద్ అడవిలోకి నిషేధం. చెక్‌పోస్ట్‌లో తనిఖీ చేస్తారు. స్టీలు సీసాలు తెచ్చుకోండి. మా ఊరి పిల్లలతో కలిసి ఏడాదికి రెండుసార్లు ఆ రోడ్డు పక్క చెత్త ఏరుతాం. ఒకసారి కణితి (సాంబారు దుప్పి) పేడలో చిప్స్ ప్యాకెట్ ముక్క కనబడింది. పిల్లలు అది చూసి చాలాసేపు మాట్లాడలేదు.

బైక్_కార్తీక్
మాస్టారూ, సలేశ్వరం సంగతి నాకు నిజంగా తెలియదు. నేను పోయింది జాతరలోనే, ఎప్పుడైనా పోవచ్చనుకున్నా. సారీ శ్రీనన్నా. ఫర్హాబాద్ సఫారీ ఎలా ఉంటుంది? బడ్జెట్‌లో వస్తుందా?

అచ్చంపేట_మాస్టారు
అయ్యో, సారీ ఎందుకు బాబూ.

సఫారీ బాగుంటుంది. జీపు మొత్తానికి డబ్బు కట్టాలి కాబట్టి జీపు నిండా మనుషులుంటేనే గిట్టుబాటు. గైడ్లుగా వచ్చేది చాలావరకు చెంచు కుర్రాళ్లే. మనకు ఎండుటాకు కనిపించే చోట వాళ్లకు జంతువు కనిపిస్తుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూసి ఉంచుతారు, పులులు జతకట్టే కాలమని. శ్రీను గారి బడ్జెట్‌లో ఈసారికి వదిలేయమంటాను. డబ్బులు నడకకు మిగిలితే మంచిది. పులి కనబడుతుందని ఆశపెట్టి పిల్లాణ్ని తీసుకుపోతే, కనబడకపోతే వాడికి అడవే నచ్చకుండా పోతుంది.

దోమలపెంటకు ముందు ఆక్టోపస్ వ్యూపాయింట్ అని ఉంది. కృష్ణ నీళ్లు కొండల మధ్య చేతులు చాచినట్టు కనబడతాయి. సొంత బండి ఉన్నవాళ్లకు బాగుంటుంది.

నంద్యాల_సుభద్ర
నేను ఆలస్యంగా చూశాను. అందరూ శ్రీశైలం వైపే చెబుతున్నారు. నడక కావాలంటే నల్లమలలో అహోబిలాన్ని మించిన చోటు లేదు, నా మాట నమ్మండి. మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. పెళ్లికి ముందూ తర్వాతా కలిపి ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు.

దిగువ అహోబిలం, అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు ఎగువ అహోబిలం. ఎగువ గుడి వరకు బస్సు, ఆటో వస్తాయి. అసలు నడక అక్కడే మొదలు. నవ నరసింహుల్లో క్రోడ నరసింహుడు, మాలోలుడు, జ్వాలా నరసింహుడు ఈ దారిలో వస్తారు. భవనాశి వాగు పక్కనే పోతారు, వాగు దాటతారు, బండల మీద ఎక్కుతారు. జ్వాలా నరసింహుడి దగ్గర రెండు కొండల మధ్య నిలబడితే వానాకాలంలో పైనుంచి నీళ్లు గుడి ముందు తెరలా పడుతుంటాయి. రక్తకుండం అని ఎర్రటి నీళ్ల గుంట చూపిస్తారు, హిరణ్యకశిపుణ్ని చంపాక స్వామి చేతులు కడిగిన చోటని. ప్రహ్లాద బడి దగ్గర బండ మీద గీతలు, అక్షరాల్లాంటివి ఉంటాయి. పిల్లలకు కథ చెబుతూ తీసుకుపోతే అలుపే తెలియదు.

ఉగ్రస్తంభం మాత్రం అందరికీ కాదు. జ్వాలా దాటాక నిలువుగా ఎక్కాలి, చేతులు కూడా వాడాలి. స్తంభం చీలి స్వామి వచ్చిన చోటు అంటారు. పైన గాలి తోసేస్తుంటుంది. పదేళ్ల పిల్లాడితో, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయనతో వద్దు. పావన నరసింహుడి దారి ఎగువ నుంచి ఆరు కిలోమీటర్ల దాకా అడవి నడక. అక్కడ చెంచులక్ష్మి అమ్మవారు ఉంటుంది. చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడు అంటారు. సంక్రాంతి కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి నలభై రోజులకు పైగా పల్లెలు తిరిగి తన పెళ్లికి పిలుస్తాడు. మా ఊళ్లో పల్లకి దిగిన రోజు మాకు పెళ్లివారు వచ్చినట్టే ఉండేది. గడప కడిగి, ముగ్గేసి, అమ్మ కొత్త చీర కట్టుకునేది.

ఖర్చు తక్కువే. కొండ కింద కర్రలు అద్దెకు ఇస్తారు. మధ్యాహ్నం అన్నదానం ఉంటుంది. హైదరాబాద్ నుంచి కడప, తిరుపతి వైపు పోయే బస్సుల్లో చాలా వాటికి ఆళ్లగడ్డలో ఆగడం ఉంది, అహోబిలానికి అక్కడే దిగాలి.

బెంగళూరు_హర్ష
సుభద్ర గారు చెప్పిన దారిలో నాకు జరిగింది చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది.

నిరుడు ఆగస్టులో ఒక ట్రెక్ సంస్థ ద్వారా (పేరు వద్దు) ముప్పై మందిమి పోయాం. ఒక్కొక్కరి దగ్గర నాలుగున్నర వేలు తీసుకున్నారు. తీరా అక్కడికి వెళ్లాక స్థానిక గైడ్ లేడు. మాతో వచ్చిన కుర్రాడికి కూడా అది మొదటిసారే. జ్వాలా దాటాక దారి రెండుగా చీలినట్టు కనబడింది, మేం ఆరుగురం తప్పు వైపు పోయాం. నావి మామూలు చెప్పులు. తడి బండ మీద కాలు జారి చీలమండ తిరిగింది. ఫోన్ సిగ్నల్ లేదు. గంటసేపు అరుస్తూ కూర్చున్నాం.

వచ్చింది కర్రలు మోసుకుపోతున్న ఒక చెంచు పెద్దాయన. నా కాలు చూసి ఏమీ మాట్లాడలేదు. మోదుగాకు ఒకటి తెంపి, కొనలు మడిచి, సన్నటి పుల్ల గుచ్చి దొన్నె చేశాడు. వాగులోంచి నీళ్లు ముంచి నా చేతికిచ్చాడు. తాగాక ఇంకోటి. అప్పటిదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఆ నీళ్లు తాగాక ఆగాయి. తర్వాత పోయి డోలీ వాళ్లను పిలుచుకొచ్చాడు. వెదురు బొంగుకు కుర్చీ కట్టి నలుగురు మోశారు. ఒక్కో బండ దగ్గర ముందువాళ్లు ఏదో ఒక మాట అంటే వెనకవాళ్లు భుజం మార్చుకునేవారు. వాళ్లకు ఇచ్చిన డబ్బు నేను ఆ సంస్థకు కట్టిన దాంట్లో సగం కూడా లేదు.

కాబట్టి డబ్బు కట్టేది ఎవరికో ఆలోచించండి. ఎగువ అహోబిలంలోనే గైడ్లు దొరుకుతారు. ముందుగా మాట్లాడుకొని ఒకరిని వెంటపెట్టుకొని పోండి. అదే చవక, అదే క్షేమం.

నంద్యాల_సుభద్ర
హర్ష తమ్ముడూ, చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ఇప్పుడు కాలు బాగుందా? వానాకాలంలో పోవాలనుకునేవాళ్లకు మా నాన్న ఒకటే చెప్పేవాడు. వాగు రంగు మారితే వెనక్కి తిరగాలి. పైన వాన పడిందని దానర్థం.

బెంగళూరు_హర్ష
బాగుందక్కా. మళ్లీ జనవరిలో పోతున్నా, ఈసారి మంచి బూట్లతో. ఆయన పేరు అడగలేదు, అదొక్కటే బాధ. వెతికి కలవాలని ఉంది.

గిద్దలూరు_రైలు
నడవలేని పెద్దవాళ్లకు నల్లమల చూపించాలంటే ఇంకో మార్గముంది. గుంటూరు-నంద్యాల రైలు మార్గం. గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర అడవి మొదలై గాజులపల్లి దాకా రైలు నల్లమల మధ్యలోంచే పోతుంది. సొరంగం కూడా ఉంది. సెకండ్ క్లాస్ టికెట్, కిటికీ పక్క సీటు, పగటి రైలు. వానలు పడ్డాక సెప్టెంబర్, అక్టోబర్‌లో పోతే రెండు పక్కలా పచ్చదనం తలుపులోకి దూరుతుందా అనిపిస్తుంది. మా అమ్మమ్మకు ఎనభై ఏళ్లు దాటాక రెండుసార్లు ఇలాగే చూపించాను. పొద్దున నంద్యాలలో దిగి, ఆటోలో మహానంది పోయి, కోనేట్లో నీళ్లు చూసి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చాం. ఆ కోనేటి అడుగున పడ్డ నాణెం బొమ్మో బొరుసో పైనుంచే చెప్పొచ్చు, అంత తేటగా ఉంటాయి నీళ్లు.

ఇదే అడవిలో, నంద్యాల-గిద్దలూరు మధ్య, నెమలిపింఛం రంగులో మెరిసే ఒక సాలీడు ఉంటుంది. మొదటిసారి దొరికింది 1899లో గుత్తిలో, రైల్వే కట్టెల అడ్డాలో, అందుకే దానికి ఆ ఊరి పేరు పడింది. తర్వాత వంద ఏళ్లకు గానీ అది నిజంగా బతికేది నల్లమలలో అని తేలలేదు. ముదురు చెట్ల తొర్రల్లో ఉంటుంది. చెట్టు పోతే అదీ పోతుంది. అంతరించే దశలో ఉంది. మా ఊరి పక్క అడవిలో ఇలాంటి ప్రాణి ఉందని నాకు ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. బళ్లో చెప్పాల్సిన పాఠం ఇది. దయచేసి ఎవరూ దానికోసం తొర్రలు తవ్వకండి.

కూకట్‌పల్లి_అనూష
రైలు ఐడియా చాలా బాగుంది. మా అత్తగారికి ఇదే సరిపోతుంది.

ఆత్మకూరు_మల్లన్న
శ్రీశైలం పోయే నడకదారి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను పదకొండుసార్లు నడిచిన. శివరాత్రికి వెంకటాపురం నుంచి బయల్దేరి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. రెండు రోజుల నడక. శివరాత్రికి, ఉగాదికి ముందు మాత్రమే ఈ దారి తెరుస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు వేలమంది వస్తారు, ముసలివాళ్లు కూడా నెత్తిన మూట పెట్టుకొని నడుస్తుంటారు. దారి పొడవునా దాతలు అన్నం, మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు ఇస్తారు. జేబులో వంద రూపాయలు పెట్టుకొని బయల్దేరి, తొంభై తిరిగి తెచ్చిన ఏడాది కూడా ఉంది.

నాగలూటి దగ్గర పాత వీరభద్ర గుడి, మెట్లు చూడాలి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అరిగిపోయిన ఆ రాతిమెట్టు మీద కాలు పెడితే మధ్యలో గుంట పడి ఉంటుంది. ఆరువందల ఏళ్ల పాదాలు పడి పడి అయిన గుంట అది. మన పాదం సరిగ్గా అందులో పడుతుంది.

ఇది శ్రీను గారికి ఈసారి కాదు గానీ, శ్రీశైలం వైపు నుంచి ఒక చిన్న ముక్క చూడొచ్చు. హటకేశ్వరం వైపు ఆటోలో పోయి, కైలాసద్వారం దగ్గర దిగితే అక్కడి నుంచి మెట్లు భీముని కొలను వైపు లోయలోకి దిగుతాయి. ఎంత దూరం పోనిస్తారో అక్కడి అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లు చెప్పిన చోట ఆగి వెనక్కి రండి. వేసవి మొదట్లో, ఇప్పపూలు రాలే కాలంలో ఎలుగుబంట్లు దారి దగ్గరికి వస్తాయి. నలుగురూ కలిసి, మాట్లాడుకుంటూ నడవండి. ఒక్కరే చెవిలో పాటలు పెట్టుకొని పోవద్దు.

పల్లెవెలుగు_రమ్య
మల్లన్న గారూ, మెట్టు మీద గుంట అన్నారు చూడండి, నేను ఆ దారి నడవలేదు కానీ ఇప్పుడు నడవాలనిపిస్తోంది. ఆడవాళ్లు ఒంటరిగా రావచ్చా?

ఆత్మకూరు_మల్లన్న
రావచ్చు తల్లీ. మా గుంపులో సగం మంది ఆడవాళ్లే. పోయిన శివరాత్రికి మా చెల్లెలు, ఆమె కోడలు కూడా నడిచారు. రాత్రి పెద్దచెరువు దగ్గర ఆడవాళ్లందరం ఒకచోట పడుకున్నాం అని చెప్పారు. టార్చి, దుప్పటి, కాళ్లకు కొబ్బరినూనె తెచ్చుకో. కొత్త చెప్పులు వద్దు, వాడిన బూట్లే వేసుకో.

నాగోలు_శ్రీను
అందరి మాటలూ చదివి ఇలా అనుకున్నాం. మొదటి రోజు అచ్చంపేట, ఉమామహేశ్వరం. రెండో రోజు మల్లెలతీర్థం చూసుకొని సాయంత్రానికి శ్రీశైలం. మూడో రోజు దర్శనం, కైలాసద్వారం, మధ్యాహ్నం బస్సు. అహోబిలం వేరేగా ఒకసారి. ఇందులో ఏమైనా మార్చాలా?

అచ్చంపేట_మాస్టారు
బాగుంది. ఒక్కటే మార్పు. మల్లెలతీర్థానికి పొద్దున్నే పోండి, పదింటికల్లా కింద ఉండాలి. శ్రీశైలంలో గది కోసం దేవస్థానం వసతి ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి. లేకపోతే సత్రాలున్నాయి, భోజనంతో సహా తక్కువలో అయిపోతుంది. కార్తీక మాసం అయిపోయి ఉంటుంది కాబట్టి రద్దీ తగ్గుతుంది.

నాగోలు_శ్రీను (మూడు వారాల తర్వాత)
వెళ్లొచ్చాం. వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ అందరికీ రుణపడి ఉన్నాను.

ముందు లెక్క. నలుగురికి, మూడు రోజులకు, అన్నీ కలిపి ఆరు వేల లోపే అయింది. అందులో ఎక్కువ అచ్చంపేట గదికి, మల్లెలతీర్థం ఆటోకు. మా ఆవిడకు వటవర్లపల్లి దాకా టికెట్ లేదు. శ్రీశైలంలో రెండు పూటలు అన్నదానంలో తిన్నాం. రమ్య గారు చెప్పినట్టు ఆటో రేటు ముందే మాట్లాడాం, అక్కడే ఇంకో ముగ్గురు స్టూడెంట్లు కలిశారు, సగం వాళ్లు ఇచ్చారు.

ఉమామహేశ్వరంలో నేనూ బాబూ మెట్లెక్కి పైకి చేరేసరికి నాన్న ముందే వచ్చి బండ కింద కూర్చొని ఉన్నారు. పైనుంచి చుక్క పడే చోట అరచెయ్యి పట్టుకొని కూర్చున్నారు. చెయ్యి నిండాక బాబు చేతిలో పోశారు. "మా అమ్మ ఇట్లనే పోసింది" అన్నారు. యాభై ఏళ్ల కింద సలేశ్వరం నడిచి పోయినప్పుడు ఆయన వయసు కూడా దాదాపు ఇంతేనట. నడుస్తూ "వస్తున్నాం వస్తున్నాం లింగమయ్యా" అని, తిరిగి వచ్చేటప్పుడు "పోతున్నాం పోతున్నాం లింగమయ్యా" అని అరిచేవాళ్లట. బాబు అది పట్టుకొని కొండ దిగేదాకా అరుస్తూనే ఉన్నాడు. ఎదురొచ్చిన ఇద్దరు ముసలమ్మలు ఆగి వాడికి బదులు పలికారు.

మల్లెలతీర్థంలో మాస్టారు చెప్పినట్టు నాన్న అడ్డంగా తిరిగి మెట్లు దిగారు. ప్రతి ముప్పై మెట్లకు ఆగాం. కింద నీళ్లు సన్నగా, ఎత్తు నుంచి పడుతూ, కింద పడేలోపు పొగలా అయిపోతున్నాయి. బాబు నోరు తెరుచుకొని చూస్తూ ఉండిపోయాడు. ఎక్కేటప్పుడు మాకు గంట పైనే పట్టింది. అక్కడ మెట్ల పక్కన ఎవరో పారేసిన రెండు సీసాలు బాబు ఏరి సంచిలో వేసుకున్నాడు. కణితి పేడ సంగతి వాడికి చదివి వినిపించాను.

కైలాసద్వారం దగ్గర సిబ్బంది కొంత దూరం వరకే దిగమన్నారు. అంత వరకే పోయాం. మల్లన్న గారూ, అరిగిన మెట్టు చూశాను. బాబు పాదం పెట్టి చూశాడు, పాదం చిన్నది, గుంట పెద్దది.

ఒక ఇబ్బంది మాత్రం జరిగింది. శ్రీశైలంలో మేం ముందే మాట్లాడుకున్న ఒక చోట గది వేరేవాళ్లకు ఇచ్చేశారు. రాత్రి ఎనిమిదింటికి సామాన్లతో రోడ్డు మీద నిలబడ్డాం, టెన్షన్ అయింది. పక్క సత్రంలో పెద్దాయన ఒకరు హాల్లో చాపలేసి పడుకోమన్నారు, దుప్పట్లు ఇచ్చారు. పొద్దున డబ్బులివ్వబోతే హుండీ చూపించారు. ఎవరైనా పోతే రసీదు చేతిలో ఉన్న గదే నమ్మండి.

నంద్యాల_సుభద్ర
బాబు ముసలమ్మలతో బదులు పలికించాడని చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. అహోబిలం వచ్చేటప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంట్లో భోజనం చేసే పోవాలి శ్రీనూ, సత్రం వద్దు.

నాగోలు_శ్రీను
తప్పకుండా వస్తాం అక్కా.

మాస్టారూ, ఇప్పుడు నాన్న ఒకటే పట్టు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం తీసుకుపొమ్మంటున్నారు. లోయలోకి ఎంత దూరం నడవాలి? ఆయన మోకాళ్లతో అవుతుందంటారా?

అచ్చంపేట_మాస్టారు
బండ్లు ఆగే చోటు నుంచి సుమారు ఐదు కిలోమీటర్లు. చివరి ముక్కే కష్టం. కొండ అంచున సన్నని బాట, వదులు రాళ్లు, ఎదురుగా వచ్చే జనం. దిగాక గుండం, పైనుంచి పడే నీళ్లు, గుహలో లింగమయ్య. మల్లెలతీర్థం ఎక్కి వచ్చిన మనిషి కాబట్టి నాకు నమ్మకముంది, కానీ ఇప్పటినుంచే రోజూ ఒక గంట నడిపించండి, మెట్లు కూడా. నొప్పి ఎక్కువైతే డాక్టర్‌కు చూపించి, ఆయన సరే అంటేనే రండి. ఎండలు ముదిరి ఉంటాయి. నీళ్లు, గ్లూకోజ్, రెండు కర్రలు. జాతరకు అచ్చంపేట నుంచి ప్రత్యేక బస్సులు వేస్తారు. ముందు రోజు సాయంత్రమే మా ఊరు వచ్చేయండి, గది చూడొద్దు, మా ఇంట్లోనే పడుకోండి. పొద్దున మొదటి బండికి మీ నాన్నగారి పక్కన నేను కూర్చుంటాను.

బైక్_కార్తీక్
మాస్టారూ, నేను కూడా రావచ్చా? ఈసారి బస్సులోనే వస్తాను.

అచ్చంపేట_మాస్టారు
రా బాబూ. ఆ సన్నని బాట దగ్గర పెద్దాయనకు ఒక భుజం కావాలి.